ఆహార పదార్థాలపై ఆరోగ్య ప్రకటనలు: కోనసీమ కొబ్బరి, పూతరేకులు

“కొలెస్ట్రాల్ లేనిది”, “షుగర్ ఫ్రీ”, “సహజ ఓఆర్‌ఎస్” వంటి మాటలను కోనసీమలో పరిశీలించడానికి రెండు సరుకులు చాలు: అంబాజీపేట మార్కెట్ కేంద్రంగా అమ్ముడయ్యే కొబ్బరి, ఆత్రేయపురం పూతరేకులు. ఇలాంటి మాటలకు హద్దులు గీసినవి ఆహార భద్రత, ప్రమాణాల (ప్రకటనలు, క్లెయిములు) నిబంధనలు. వీటిని కొందరు 2018 నాటివనీ, మరికొందరు 2019 నాటివనీ రాస్తారు. గెజిట్‌లో వచ్చింది 2018 నవంబరులో, అమలైంది 2019 జులై 1 నుంచి. నిబంధనల పేరులోనే 2018 ఉంది కనుక అదే వాడటం మేలు.

కొబ్బరి నూనెది అన్నిటికన్నా చిక్కు వ్యవహారం. కేరళలోలా కోనసీమ వంటిళ్లలో దానితో పోపు వేయడం పెద్దగా లేదు. కాయ, కురిడీ బయటి రాష్ట్రాలకు పోతాయి. నూనె చాలావరకు తలకే. సీసాలో “వర్జిన్” పేరుతో అది ఆరోగ్యాహారంగా రావడం ఇటీవలి సంగతి. అది తినే నూనా, తలనూనా అన్న తగువు పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి నలిగి, 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టులో తేలింది. చిన్న ప్యాకింగులో అమ్మినంత మాత్రాన అది కేశతైలం కాబోదని కోర్టు చెప్పింది. ఇది పన్ను వర్గీకరణకు చెందిన తీర్పు, ఆరోగ్యానికి ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు.

కొబ్బరి నూనెలో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగినంత ఉండదు. అయితే ఈ నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. “కొలెస్ట్రాల్ ఫ్రీ” అని వేసుకోవాలంటే నిబంధనల ప్రకారం సంతృప్త కొవ్వు 100 గ్రాముల ఘనపదార్థంలో 1.5 గ్రాములు, 100 మిల్లీలీటర్ల ద్రవంలో 0.75 గ్రాములు దాటరాదు. అంటే నిజమైన మాటే అయినా ఈ సీసాపై వేయడానికి వీల్లేదు. వంటనూనెల ప్యాకెట్లపై “యాంటీ కొలెస్ట్రాల్”, “కొలెస్ట్రాల్ ఫైటర్” వంటి మాటలను 2011 నాటి లేబులింగ్ నిబంధనలే నిషేధించాయి.

గుండెకు మంచిదనే వాదానికి పసిఫిక్ దీవులైన పుకాపుకా, టోకెలావ్ ప్రజలపై 1981లో వెలువడిన అధ్యయనాన్ని తరచు చూపుతారు. అక్కడివారు కొబ్బరి విపరీతంగా తిన్నా రక్తనాళాల జబ్బులు తక్కువేనని అది చెప్పింది. వారు తిన్నది ప్రధానంగా కొబ్బరికాయ, చేపలు. సీసాలో నూనె కాదు. 16 ప్రయోగాలను కలిపి 2020లో ‘సర్క్యులేషన్’ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో, ఉష్ణమండలేతర మొక్కల నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచినట్టు తేలింది. అవి గుండెపోట్లను నేరుగా లెక్కించిన ప్రయోగాలు కావు. అయినా ఈ రెండు పరిశోధనల్లో 2020 విశ్లేషణకే ఎక్కువ బరువు ఇవ్వాల్సి ఉంటుంది.

కొబ్బరి నీళ్లు దాహానికి మంచివే. వాటిని విరేచనాలప్పుడు తాగించే లవణ ద్రావణమైన ఓఆర్‌ఎస్ అనడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ. విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియమే. పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2025 అక్టోబరులో ఆదేశించింది. దీని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం ఉంది.

బోర్లించిన కుండపై బియ్యప్పిండి పల్చటి రేకుగా తీసి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి చుట్టేవి పూతరేకులు. వీటికి మూడు, నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉందంటారు. నమోదైన తేదీ మాత్రం 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. ఆ గుర్తింపు ఊరికి, తయారీకి సంబంధించినది. అందులో ఆరోగ్య హామీ ఏదీ లేదు. “బెల్లంతో చేసినది, పంచదార లేదు” అన్న మాట మధుమేహులను ఎక్కువగా పొరబాటు పడేస్తుంది. బెల్లంలో అధికభాగం సుక్రోజే. “షుగర్ ఫ్రీ” అనాలంటే 100 గ్రాములకు చక్కెరలు 0.5 గ్రాము మించరాదు. ఆ హద్దు బెల్లం రేకుకు అందదు. చక్కెర లేకున్నా నెయ్యి, బియ్యం అలాగే ఉంటాయి. షుగర్ ఫ్రీ పదార్థాల్లో కొవ్వు దండిగా ఉండవచ్చని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో హెచ్చరించింది.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద రూ.10 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐకి ఫిర్యాదు చేసేవారు ప్యాకెట్ రెండు వైపులా ఫొటో తీసి, 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు కనబడేలా పంపాలి. బిల్లు ఉంటే జత చేయాలి.