కరణీయ సంఖ్యలు, కరణులు: తెలుగు, ఉర్దూ పేర్లతో వివరణ

మాచర్ల: తొమ్మిది, పది తరగతుల లెక్కల్లో కరణీయ సంఖ్యలు తప్పకుండా వస్తాయి. ఇంట్లో ఒకరు తెలుగు మీడియం, ఇంకొకరు ఉర్దూ మీడియం చదువుతుంటే పేర్ల దగ్గరే తికమక మొదలవుతుంది. తెలుగులో ముందు 'అ' ఉన్నది భిన్నంగా రాయగలిగే సంఖ్య. ఉర్దూలో ముందు 'గైర్' ఉన్నది రాయలేనిది. మీడియం మారే పిల్లలు ఇక్కడే పొరపడతారు.

ఏది ఏమిటి?

అకరణీయ సంఖ్య (ఉర్దూలో నాతిఖ్): రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగేది. హారం సున్నా కాకూడదు. ఉదా: 5, 3/4, 0.333…

కరణీయ సంఖ్య (గైర్ నాతిఖ్): అలా రాయలేనిది. దశాంశాలు ఆగవు, ఒకే వరుసలో తిరిగి రావు. ఉదా: √2, π.

కరణి: మూలం గుర్తు పోకుండా మిగిలే ధన అకరణీయ సంఖ్య మూలం. √5 కరణి. √9 కాదు, అది 3. π కరణీయ సంఖ్యే గానీ కరణి కాదు.

పేరు వెనుక కథ

నాతిఖ్ అంటే మాట్లాడేది. ఇలాంటి మూలాలను అరబ్బీ గణితవేత్తలు 'అసమ్' అన్నారు, అంటే చెవిటిది. లాటిన్‌లోకి వెళ్లినప్పుడు అదే అర్థంతో 'సుర్దుస్' అయింది, దాని నుంచే ఇంగ్లిష్ 'సర్డ్' వచ్చింది. ఈజిప్టుకు చెందిన అబూ కామిల్ వెయ్యేళ్ల కిందటే సమీకరణాల్లో వీటిని వాడారు. మన 'కరణి' సంస్కృత పదం. బౌధాయన శుల్బ సూత్రం √2కి ఇచ్చిన విలువ 577/408కి సమానం.

నాపరాయితో చూద్దాం

మన ఇళ్లలో పరిచే నాపరాయిని 12 అంగుళాల చదరంగా కోశారనుకోండి. మూల నుంచి మూలకు టేపు పెడితే దాదాపు 17 అంగుళాలు. మేస్త్రీకి అది చాలు. కానీ లెక్క వేస్తే 12² + 12² = 288, 17² = 289. ఒకటి తేడా. అంగుళాన్ని ఎన్ని సమాన భాగాలు చేసినా ఆ కొలత కచ్చితంగా గీత మీద పడదు.

ఎందుకంటే, √2 ఒక భిన్నం అనుకుందాం. లవానికీ హారానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకుండా కుదించాం. అప్పుడు లవం వర్గం = 2 × హారం వర్గం. కాబట్టి లవం సరి సంఖ్య. సరి సంఖ్య వర్గం 4తో భాగించబడుతుంది, అందుకే హారం వర్గం కూడా సరి, హారమూ సరి. అంటే రెండిటికీ 2 ఉమ్మడి. మనం అనుకున్నదానికి ఇది విరుద్ధం. కాబట్టి √2 భిన్నం కాదు. పదో తరగతిలో అడిగే నిరూపణ ఇదే.

తరచూ జరిగే తప్పులు

√2 + √3 = √5 కాదు. 1.414, 1.732 కలిపితే 3.146, √5 మాత్రం 2.236. గుణిస్తే మాత్రం √2 × √3 = √6 సరైనదే.

π అంటే 22/7 కాదు, అది దగ్గరి విలువ మాత్రమే. సమర్‌ఖండ్‌లో అల్ కాషీ 1424లోనే π విలువను 16 దశాంశ స్థానాల వరకు లెక్కగట్టారు. అది కరణీయ సంఖ్య అని 1761లో లాంబర్ట్ నిరూపించారు.

అమ్మీ, అబ్బాలకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. నోట్‌బుక్ మొదటి పేజీలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పేర్లు పక్కపక్కన రాయించండి. సగం తికమక అక్కడే తీరుతుంది.