లారీ బేకర్

లారీ బేకర్ (1917 మార్చి 2 - 2007 ఏప్రిల్ 1) భారతదేశంలో స్థిరపడిన ఆంగ్లేయ వాస్తుశిల్పి. పూర్తి పేరు లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్. స్థానికంగా లభించే ఇటుక, సున్నం, మట్టి, పెంకులతో తక్కువ ఖర్చులో దృఢమైన, అందమైన భవనాలను నిర్మించి, కేరళ రాష్ట్రంలో ఒక నూతన నిర్మాణ సంప్రదాయానికి పునాది వేసాడు. ఇంటికి అవసరమైనదేదో, ఆడంబరం కొరకు చేర్చినదేదో విడదీసి చూడడమే ఇతని పద్ధతికి మూలం.

జీవిత విశేషాలు

బేకర్ ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. అక్కడే వాస్తుశాస్త్రం అభ్యసించి 1937లో పట్టభద్రుడయ్యాడు. యుద్ధాన్ని నిరాకరించే క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందినవాడు కావడంతో, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధం పట్టక, ఆ శాఖవారి వైద్య సహాయ దళంలో చేరి చైనాలో సేవచేసాడు. తిరుగు ప్రయాణంలో ఓడ కొరకు బొంబాయిలో ఆగవలసివచ్చినపుడు మహాత్మా గాంధీని కలుసుకున్నాడు. ఆదర్శవంతమైన ఇల్లు చుట్టూ ఐదు మైళ్ళ పరిధిలో దొరికే వస్తువులతోనే నిర్మితం కావాలన్న గాంధీ అభిప్రాయం ఇతనిపై చెరగని ముద్ర వేసింది.

1945లో కుష్ఠురోగులకు సేవచేసే సంస్థ తరఫున బేకర్ భారతదేశానికి వచ్చాడు. అదే రంగంలో హైదరాబాదులో పనిచేసిన కేరళ వైద్యురాలు ఎలిజబెత్ జాకబ్‌ను 1948లో వివాహమాడాడు. ఈ దంపతులు హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌లో సుమారు 16 సంవత్సరాలు నివసించి ఆసుపత్రి నడిపారు. రాయి, మట్టి, కలపతో అక్కడి గ్రామీణులు కట్టుకున్న ఇళ్ళు తరతరాల అనుభవసారమని బేకర్ గ్రహించాడు. 1963లో కేరళకు తరలివచ్చి, తరువాత తిరువనంతపురంలో స్థిరపడ్డాడు.

నిర్మాణ పద్ధతులు

ఎలుకబోను కట్టు: దీనిని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇందులో ఇటుకలను పడుకోబెట్టక అంచుపై నిలబెట్టి పేర్చుతారు. అందువలన తొమ్మిది అంగుళాల గోడ లోపల ఖాళీ అరలు ఏర్పడతాయి. ఇటుకలు సుమారు 25 శాతం ఆదా అవుతాయి. అరలలోని గాలి ఎండవేడిమిని లోపలికి చేరనీయక నిరోధిస్తుంది.

పెంకుల శ్లాబు: కాంక్రీటు ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది కాని లాగుడు బలాన్ని తట్టుకోలేదు. శ్లాబు అడుగుభాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుప చువ్వలే. కనుక చువ్వల మధ్యనున్న కాంక్రీటులో కొంతభాగం తొలగించి, అక్కడ మంగుళూరు పెంకులను అమర్చవచ్చును. వీటినే తెలుగునాట బెంగుళూరు పెంకులని వ్యవహరిస్తారు. శ్లాబు బరువు తగ్గుతుంది కనుక సిమెంటుతో పాటు ఇనుము కూడా ఆదా అవుతుంది.

జాలీ గోడలు: ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టే గోడ ఇది. గాలి, వెలుతురు లోపలికి వస్తాయి; భద్రతకు లోటుండదు. చట్రం, తలుపులు, అద్దాలు, ఊచలు గల కిటికీకి అంతే వైశాల్యం గల గోడకంటే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కిటికీ తప్పనిసరియైన చోట, చట్రం లేకుండా ఒకే పలకను పైన, క్రింద చీలలపై తిరిగేటట్లు అమర్చేవాడు.

వంపు గోడలు: 100 చదరపు అడుగుల స్థలాన్ని 20 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రంగా కడితే చుట్టూ 50 అడుగుల గోడ కావాలి. చతురస్రానికి 40 అడుగులు, వృత్తానికి సుమారు 35.5 అడుగులు సరిపోతుంది. వంపు తిరిగిన గోడ తనంతట తానే నిలదొక్కుకుంటుంది. బేకర్ భవనాలలోని వంపులు అందానికి మాత్రమే ఉద్దేశించినవి కావు.

ఇవికాక లింటెల్‌కు బదులు ఇటుక కమానులు, సిమెంటుకు బదులు సున్నం, ప్లాస్టరింగ్ లేని గోడలు ఇతని నిర్మాణాలలో కనిపిస్తాయి. కేరళలోని నాలుకెట్టు, కోస్తా ఆంధ్రలోని మండువా లోగిలి వలె ఇంటి నడుమ ముంగిలి విడిచిన నిర్మాణాలు కూడా ఉన్నాయి.

ముఖ్య నిర్మాణాలు

తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం వీటిలో ప్రసిద్ధమైనది. ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ ప్రోత్సాహంతో 1970వ దశకంలో రూపుదిద్దుకొన్నది. కొండవాలును చదును చేయక, భూమి ఎత్తుపల్లాలను అనుసరించి భవనాలను అమర్చాడు. తంపానూరులోని ఇండియన్ కాఫీ హౌస్ మరొకటి. ఇందులో నేల సర్పిలాకారంలో పైకి సాగుతుంది. బల్లలు, ఆసనాలు కట్టడంలో భాగాలే. నాలాంచిరలో తన నివాసం "హామ్లెట్"ను రాతికొండపై, పాత భవనాల కలపను, ఇటుకలను తిరిగి ఉపయోగిస్తూ కట్టుకున్నాడు.

నిత్యజీవితంలో సరళత

బేకర్ తన సిద్ధాంతాన్ని పనితీరులోనూ పాటించాడు. పెద్ద కార్యాలయం నిర్వహించలేదు. వాడిన కవర్ల వెనుక చిత్రాలు గీసేవాడు. స్థలానికి స్వయంగా వెళ్ళి, తాపీ మేస్త్రీల ప్రక్కన నిలబడి, అవసరమైన మార్పులు అక్కడికక్కడే చేసేవాడు. ఇంటివారు ఎక్కడ వండుకుంటారు, ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు అన్న విషయాలు తెలుసుకున్న పిదపనే నమూనా గీసేవాడు. ఖర్చు తగ్గించే ఉపాయాలను సామాన్యులకు అర్థమయ్యే భాషలో, స్వయంగా వేసిన బొమ్మలతో చిన్న పుస్తకాలుగా వ్రాసాడు.

పరిమితులు, విమర్శలు

ఈ పద్ధతులకు నైపుణ్యం గల మేస్త్రీలు, అంచులు సమంగా ఉన్న ఇటుకలు అవసరం. ఎలుకబోను గోడలో విద్యుత్ తీగల మార్గాన్ని ముందే నిర్ణయించుకోవాలి. ప్లాస్టరింగ్ లేని గోడకు చూరు తగినంత ముందుకు లేకపోతే వర్షానికి పాచి పడుతుంది. అన్నిటికంటె పెద్ద ఆటంకం మనుషుల అభిప్రాయం. పూత లేని గోడను పేదరిక చిహ్నంగా భావించేవారు అనేకులు. పేదల కొరకు ఉద్దేశించిన ఇటువంటి ఇళ్ళను విద్యావంతులైన మధ్యతరగతివారు మక్కువతో కట్టించుకోగా, కొందరు పేదలు సిమెంటు ఇల్లే గౌరవమని తలచడం గమనార్హం. అయితే ఖర్చుతగ్గింపు పేదలకు మాత్రమే పరిమితమైన నియమం కాదని, స్థోమత గలవారు కూడా వృథాను మానుకోవాలని బేకర్ భావించాడు.

గుర్తింపు

1985లో మాజీ ముఖ్యమంత్రి సి.అచ్యుత మీనన్, కె.ఎన్.రాజ్, టి.ఆర్.చంద్రదత్ ప్రభృతులతో కలిసి త్రిస్సూరు కేంద్రంగా "కాస్ట్‌ఫోర్డ్" సంస్థను నెలకొల్పాడు. ఈ సంస్థ వేలాది ఇళ్ళను నిర్మించింది. భారత ప్రభుత్వం 1990లో బేకర్‌ను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. అప్పటికే ఇతడు భారత పౌరసత్వం స్వీకరించాడు. 90 సంవత్సరాల వయసులో తిరువనంతపురంలో మరణించాడు.

ఇవి కూడా చూడండి

మహాత్మా గాంధీ
మండువా లోగిలి
తిరువనంతపురం