కబురు మోసిన ఫిరంగి గుండు

తంతి తపాలా శాఖలో మూడు దశాబ్దాలు తీగలతో కాపురం చేసినవాణ్ణి. తీగ తెగితే ఏమవుతుందో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత అక్కడ స్తంభాలు తిరిగి నిలబెట్టినవారు మన సభ్యుల్లో ఇంకా ఉన్నారు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు, తీగ లేని చోట కబురు చేరవేసిన ఒక వింత సాధనం గురించి రాస్తున్నాను.

1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం నేలమీద సైన్యాలు కందకాల్లో ఎదురెదురుగా కూర్చున్నాయి. ముందు కందకం నుంచి వెనకనున్న అధికారులకు టెలిఫోను తీగ వేసేవారు. ఫిరంగులు మొదలైతే ఆ తీగ ముక్కలు ముక్కలు. లైన్‌మన్ పాక్కుంటూ వెళ్లి అతికించి వచ్చేలోగా మరో చోట తెగేది. బ్రిటిష్ వారు తీగల్ని ఆరడుగుల లోతున కూడా పాతారు. ఇక మిగిలినవి పావురం, కుక్క, చీటీ పట్టుకొని పరుగెత్తే సిపాయి. దారిలోనే ఒరిగిపోయిన సిపాయిలు ఎందరో!

జర్మన్లకు 'మైనెన్‌వెర్ఫర్' అనే కందక ఫిరంగి ఉండేది. వాటిలో తేలిక రకం గొట్టం వ్యాసం సుమారు 7.6 సెంటీమీటర్లు. దానికి పేలుడు మందు బదులు చీటీ పట్టే బోలు గుండు తయారుచేసి, శత్రువు మీదికి కాక, వెనకనున్న తమవారి వైపే పేల్చారు! తలలు కాచుకోండని ముందుగా చెప్పడానికి ఫోను లేదు కదా.

ఇటువంటి గుండ్లను ఐరోపాలో కొందరు శ్రద్ధగా సేకరిస్తారు. మా రెండోవాడు బెల్జియంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో అలాంటి ఒక పెద్దాయన షెడ్డు చూశాను. పొలంలో దొరికినదాన్ని ఆయన తాకడు. అక్కడ నాగలికి నేటికీ పేలని గుండ్లు తగులుతూనే ఉన్నాయి, సైన్యం వచ్చి పట్టుకుపోతుంది. బోలుదో కాదో తుప్పు పట్టాక పైకి తెలియదు. నిపుణులు పరీక్షించి వట్టిదని తేల్చినదే ఆయన బల్లమీదికి వస్తుంది.

సోడా కలిపిన నీళ్లలో ముంచి, సన్నటి కరెంటు పంపి, తుప్పును రోజుల తరబడి వదులు చేస్తాడు. తీగ బ్రష్షు వాడడు, కొయ్యపుల్లతోనే గీకుతాడు. గుండు నడుముకున్న రాగి పట్టీమీద గొట్టం గాళ్లకు సరిపడేలా ముందే గాళ్లు కోసి ఉంటాయి. వాటినీ, పోత అక్షరాలనూ చూసే జాతి గుర్తుపట్టాలి. చివరికి పల్చగా మైనం పూస్తాడు, అంతే. కొందరు తళతళలాడే రంగు వేసి అమ్ముతారు. నా దృష్టిలో అది పాత విగ్రహానికి ఎనామిల్ పూసినట్టే.

లోపల చీటీ ఉందా అని ఆశగా అడిగాను. ఆయన నవ్వి, ‘కబురు అందితే చీటీ తీసేసుకుంటారు. చీటీ ఉందంటే అందలేదన్నమాట’ అన్నారు.

అలా అందని కబుర్లు మరో రకం డబ్బాల్లో దొరికాయి. 1870-71లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు, బయటి ఊళ్లవారి ఉత్తరాలను రెక్కలున్న జింకు గోళాల్లో మూసి సెన్ నదిలో వదిలారు. ఒక్కోదానిలో వందల ఉత్తరాలు. 1871 జనవరిలో యాభైకి పైగా వదిలితే, ముట్టడి ముగిసేలోగా ఒక్కటీ పారిస్ చేరలేదు. వాటిలో ఒకటి 1968లో, పారిస్‌కు ఎంతో దిగువన సెయింట్ వాండ్రిల్ దగ్గర, నది అడుగు తవ్వుతుంటే బయటపడింది. అందులో ఐదువందలకు పైగా ఉత్తరాలున్నాయి.