హవల్దారు గారి అప్పగింతలు

మొన్న కనుమ రోజున మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. కంగారు పడకండి, అత్తాకోడళ్లది కాదు! మావయ్యగారికీ, మా ఆడపడుచు భర్త అన్నయ్యగారికీ మధ్య. మా వారు స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు పేరు చెప్పి ముందే తప్పించుకున్నారు. నేను వంటింట్లో మినపగారెలు వేస్తున్నాను కాబట్టి రెండు పక్షాలకూ సరఫరా నాదే.

మావయ్యగారు మద్రాస్ రెజిమెంటులో హవల్దారుగా రిటైరయ్యారు. అన్నయ్యగారు ఎయిర్ ఫోర్సులో సార్జెంటుగా చేశారు. ఇద్దరూ చాలనట్టు కింద వాటాలో ఉండే నేవీ తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. అతను పెటీ ఆఫీసరు. పేర్లు వేరైనా మన దేశంలో ఈ మూడూ సమానమైన హోదాలే. కానీ సమానం అంటే మగవాళ్లు ఊరుకుంటారా?

"నేల మీద కాలు ఆననోళ్లదీ ఒక సైన్యమేటి అల్లుడుగారూ?" అన్నారు మావయ్యగారు.

"మీరు వారం రోజులు నడిచే దూరం, మేం టీ తాగేలోపు దాటేస్తాం మావయ్యగారూ."

"ఊగే ఓడలో ఒలక్కుండా తాగి చూపించండి అన్నయ్యగారూ, అప్పుడు ఒప్పుకుంటాను" అన్నాడు కింద వాటా తమ్ముడు.

నా బి.ఏ. తెలుగు ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇలాంటప్పుడే నేను దాన్ని బయటికి తీస్తాను. గారెల పళ్లెం మధ్యలో పెట్టి తీర్పు చెప్పాను. "సార్జెంటు అనే మాట లాటిన్‌లో 'సేవ చేసేవాడు' అన్న దాంట్లోంచి వచ్చింది. పెటీ అంటే ఫ్రెంచిలో చిన్న. హవల్దారు మాత్రం మన పాత దర్బారు భాష. హవాలా అంటే అప్పగించినది, దారు అంటే దాన్ని పెట్టుకున్నవాడు. అంటే అప్పగింతలు పుచ్చుకున్నవాడు!"

"చూశారా, నా కోడలు!" అని మావయ్యగారు మీసం దువ్వారు. అత్తయ్యగారు మాత్రం, "పెళ్లిలో నన్ను అప్పగించుకుని, ఆరు నెలలకోసారి కార్డు రాసిన హవల్దారు మరి" అన్నారు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

అంతలో టీవీలో 'బొబ్బిలి యుద్ధం' మొదలైంది. 1964 సినిమా, తాండ్ర పాపారాయుడుగా ఎస్వీ రంగారావు గారు. మావయ్యగారిది విజయనగరం పక్క పల్లె. చిన్నప్పుడు సంక్రాంతికి జంగాలు వచ్చి రాత్రంతా బొబ్బిలి కథ చెప్పేవారట. పాపారాయుడి ఘట్టం వచ్చేసరికి పిల్లలు నిద్ర ఆపుకునేవారట. ఆ వరస కొంచెం కూనిరాగం తీసి, గొంతు సవరించుకుని ఆపేశారు.

కథ మనందరికీ తెలిసిందే. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులతో, విజయనగరం విజయరామరాజు సేనతో బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. కోట నిలవదని తెలిసి లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపుకుని యుద్ధానికి దిగారు. ఆ తర్వాత మూడో రాత్రి పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడని పాట చెబుతుంది.

"పౌరుషమంటే అదీ" అన్నారు అన్నయ్యగారు.

అత్తయ్యగారు చిక్కుళ్లు వలుస్తున్నారు. తల ఎత్తకుండానే, "ఆ ఆడోళ్లని ఎవరైనా అడిగారేటి?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. నాకు ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. ఆ కాలంలోనే కంపెనీ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషాయన ఒక సంగతి రాశాడు. అంతా అయిపోయాక ఒక ముసలివాడు రాజుగారి చిన్న కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. అంతమందిలో ఒక్క పిల్లవాణ్ణి బతికించాలనుకున్న ఆ ముసలాయన పేరేమిటో ఆర్మ్ రాయలేదు. నాకైతే పాపారాయుడి కంటే ఆయనే ఎక్కువ గుర్తుంటాడు.

ఆ మరుసటి ఏడాది, 1758లోనే మావయ్యగారి మద్రాస్ రెజిమెంటు పుట్టింది. తర్వాత 1780లో హైదరాలీతో యుద్ధం వచ్చింది. మన విశాఖపట్నంలో ఉన్న కంపెనీ సిపాయిలను ఓడ ఎక్కి మద్రాసు వెళ్లమన్నారు. అక్టోబరు 3న వాళ్లు ఎక్కమని ఎదురు తిరిగారు. కాల్పులు జరిగాయి, కొందరు ఇంగ్లీషువాళ్లు చనిపోయారు. 1857 కంటే 77 ఏళ్ల ముందు, మన ఊళ్లో! బొబ్బిలికి పాట ఉంది, సినిమా ఉంది. ఈ సిపాయిల పాట మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఎక్కనన్న ఆ కుర్రాళ్లకు కూడా ఇంటి దగ్గర ఒక అమ్మ ఉండే ఉంటుంది కదా అనిపించింది నాకు.

అలా అనిపించడానికి కారణం ఉంది లెండి. మా చిన్నాడికి పంతొమ్మిది నిండాయి. పొద్దున్నే నాలుగున్నరకి లేచి పరుగుకు వెళుతున్నాడు. పూర్తి మార్కులు రావాలంటే ఐదున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరిగెత్తాలట. అగ్నివీర్. నాలుగేళ్ల ఉద్యోగం, అది అయ్యాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. ఇంట్లో ఇంత చర్చ జరుగుతున్నా, వాడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నేనే ఎత్తాను.

"మావయ్యగారూ, 1971లో మీకు భయం వేయలేదా?"

ఆయన చాలాసేపు టీవీ వైపే చూశారు. తర్వాత చెప్పారు.

"మా హవల్దారు తమిళాయన. పొద్దున్న లేస్తే తిట్లే. నాకు భాష రాదు కాబట్టి సగం బతికిపోయాను. మేం దాడికి అరిచేది కూడా తమిళమే, 'వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు' అని. మా విజయనగరం కుర్రాళ్లం ఆ మాట పలకడానికి వారం పట్టింది. సరిహద్దులో ఆ రాత్రి మాత్రం ఆయన తిట్టలేదమ్మా. మేం పదిమందిమి. ఒక్కొక్కడి దగ్గరా కూర్చుని, బూటు విప్పించి, మేజోళ్లు తడిగా ఉన్నాయేమో చేత్తో పట్టుకు చూశాడు. ఇంటికి ఉత్తరం రాశావా అని అడిగాడు. నేను రాయలేదన్నాను. కార్డు ఇచ్చి, రాసేదాకా అక్కడే కూర్చున్నాడు."

"ఆ కార్డు నా దగ్గరుంది" అన్నారు అత్తయ్యగారు. "అందులో 'క్షేమం' అని తప్ప ఇంకేమీ లేదు. దానికోసం పదహారు రోజులు ఎదురు చూశాను."

అన్నయ్యగారు నెమ్మదిగా టీవీ గొంతు తగ్గించారు. ఎవరిది పెద్ద హోదా అన్న మాట మళ్లీ రాలేదు.

ఆ రాత్రి మా చిన్నాడు పడుకోబోతుంటే మావయ్యగారు పిలిచారు. పరుగు ఎన్ని నిమిషాల్లో తీశావని అడుగుతారనుకున్నాను. "బూట్లు ఇలా తేరా, కాలికి కొరుకుతున్నాయేటో చూద్దాం" అన్నారు. వాడు మంచం పక్కన కూర్చుని కాలు చాపాడు. డెబ్భై ఏడేళ్ల ఆయన కళ్లజోడు పెట్టుకుని మనవడి పాదం వేళ్ల మధ్య వెతుకుతున్నారు.

నాకు ఇంకా వాణ్ణి పంపడం ఇష్టం లేదు. ఆ మాట ఇంట్లో చెప్పాను, మీకూ చెబుతున్నాను. కానీ వెళ్లే రోజంటూ వస్తే, వాడికి ఏ పెద్ద పాటలోని వీరుడూ దొరకక్కర్లేదు. మేజోళ్లు పట్టి చూసే హవల్దారు ఒక్కడు దొరికితే చాలు.

ఇవాళ పొద్దున్న చూస్తే వాడి సంచీలో నాలుగు పోస్టు కార్డులు ఉన్నాయి. ఎవరు పెట్టారో నేను అడగలేదు.