నైస్ శబ్దార్థ పరిణామము

ఆంగ్లమున నేఁడు మెచ్చుకోలుగా వాడఁబడు 'నైస్' శబ్దమునకు మూలము లాటినునందలి 'నెస్కియుస్'. ఎఱుఁగనివాఁడని దాని యర్థము. ప్రాచీన ఫ్రెంచి ద్వారమున నాంగ్లముఁ జేరి యది మొదట మూఢుఁడను నర్థమున మెలఁగెను. పిదప విలాసి, పిఱికి, సుకుమారుఁడు, సూక్ష్మము అను నర్థములు దానికిఁ గలిగెను. షేక్‌స్పియరు 'రోమియో జూలియట్' నాటకమున బెన్వోలియో కలహమును 'నైస్' అనుటకుఁ గారణము మిక్కిలి యల్పమనియే భావము. బడిపిల్లవాఁడు నేఁటి యర్థమునుగొని చదివినచో, ఇరువురను బలిగొన్న కలహము ముచ్చటైనదగును! రమ్యమను నర్థము 18వ శతాబ్దిని ప్రబలినది. 1817 తుదిని వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో హెన్రీ టిల్నీ యీ మాటను సర్వత్ర వాడుటను పరిహసించును. సూక్ష్మభేదమును దెలుపునపుడు మాత్రము పాతయర్థ మింకను నిలిచియున్నది. తెలుఁగునఁ గంపు శబ్దము నడక దీనికి విపరీతము: ప్రాచీనకావ్యములందుఁ బరిమళార్థమునఁ గానవచ్చు నా మాట వ్యవహారమున దుర్గంధవాచకమైనది.