పేరునకు చిరునామా

ఇంటిలోని కంప్యూటరుపై ఒక పేరు టైపు చేసినప్పుడు, అది కొంతసేపు వెదకి, “ఆ పేరుగల సర్వరు దొరకలేదు” అని చెప్పుట శ్రోతలలో చాలమందికి అనుభవమే. రూటరు దీపములు చక్కగా వెలుగుచునే ఉండును. తీగ తెగలేదు. మరి తెగినదేమిటి? ఈ చిక్కు విప్పుటకు పేర్ల పట్టిక పూర్వకథను కొంత ఎరిగియుండుట మేలని మేము తలచుచున్నాము.

యంత్రములు ఒకదానినొకటి సంఖ్యలతోనే గుర్తించును. పేర్లు మనుష్యుల సౌకర్యము కొరకు. 1969లో అమెరికాలో ఆర్పానెట్ మొదలైననాడు అందులో నాలుగే కేంద్రములు. అవి పెరిగినకొలది ఏ పేరునకు ఏ సంఖ్యయో తెలిపే పట్టిక అవసరమైనది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో, ఎలిజబెత్ ఫైన్లర్ గారి ఆధ్వర్యమున నడిచిన కార్యాలయము దానిని కాపాడేది. ఆ పట్టిక పేరు హోస్ట్స్. కొత్త యంత్రము పెట్టినవారు అక్కడికి తెలియజేయవలెను. తక్కినవారు నకలు తెచ్చుకొనవలెను. ఊరు చిన్నదైనంతకాలము ఇది హాయిగానే సాగినది. యంత్రములు వందలలోనికి వచ్చిన పిమ్మట, నకలు అందరికీ చేరులోపుననే అసలు మారిపోయేది.

1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ గారు రెండు పత్రములలో కొత్త పద్ధతిని ప్రకటించినారు. అదే డి.ఎన్.ఎస్. మన పూర్వపు గ్రామ కరణముల దస్తరములను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. ప్రతి పొలము వివరమును ఒకే కచేరీలో పెట్టరు; ఏ ఊరి లెక్క ఎవరి వద్ద కలదో పైవారికి తెలిసిన చాలును. మూల సర్వరు ‘కామ్’ చూచువారిని చూపును. వారు ఆ పేరు యజమాని సర్వరును చూపుదురు. వచ్చిన జవాబును దారిలోనివారు కొంత గడువు వరకు దాచుకొందురు. సౌకర్యమంతా ఇందులోనే ఉన్నది, చిక్కు కూడా ఇందులోనే ఉన్నది: యజమాని చిరునామా మార్చినను, గడువు తీరువరకు పాత జవాబే వచ్చుచుండును.

విశేషమేమనగా, ఆ పాత హోస్ట్స్ పట్టిక చావలేదు. విండోస్‌లో గాని, లినక్సులో గాని, మన యింటి కంప్యూటరులో అది నేటికీ కలదు. సాధారణముగా యంత్రము మొదట చూచునది దానినే. ఎవరో ఎప్పుడో అందులో చేర్చిన ఒక్క పంక్తి చాలును, ఒక పేరు శాశ్వతముగా దారి తప్పుటకు.

కనుక మొదట పేరు విడిచి ఒక సంఖ్యను, 8.8.8.8 వంటిదానిని, ‘పింగ్’ చేసి చూడవలెను. సంఖ్య పలికి పేరు పలుకనిచో లోపము పేర్లలోనే. పిమ్మట ‘ఎన్ఎస్ లుకప్’ ఆజ్ఞతో అడుగవలెను. అది హోస్ట్స్ పట్టికను చూడక నేరుగా సర్వరునే అడుగును. దానికి సరియైన జవాబు వచ్చి బ్రౌజరుకు రాకున్నచో, ఆ పట్టికనో, ఇంట దాచిన పాత జవాబులనో అనుమానింపవలెను. అదియు పలుకనిచో, వేరొక సర్వరు సంఖ్య ఇచ్చి అడిగి చూడవలెను.

జవాబు రాకపోవుటకన్న తప్పుడు జవాబు వచ్చుట ప్రమాదకరము. డి.ఎన్.ఎస్. ఛేంజర్ అను దుష్ట ప్రోగ్రాము సుమారు 40 లక్షల కంప్యూటర్లలో చొరబడి, “పేర్లను మా సర్వర్లనే అడుగుము” అని సెట్టింగు మార్చివేసినది. మోసగాండ్రు తమకు లాభించు ప్రకటనల వైపు జనులను మళ్లించినారు. 2011 నవంబరులో ఎస్టోనియాలో ఆరుగురు పట్టుబడినారు. కాని ఆ సర్వర్లను ఒక్కసారి ఆపినచో లక్షలాది గృహములు చీకటిలో పడును! అందుచేత న్యాయస్థానపు అనుమతితో వాటి స్థానమున మంచి సర్వర్లను పెట్టి, 2012 జూలై 9 వరకు నడిపినారు. ఆనాటికి సెట్టింగు సరిచేసుకొననివారి తీగలు, రూటర్లు నిక్షేపముగానే ఉన్నవి. వారి కంప్యూటర్లు మాత్రము, ఇక ఎవరూ లేని ఆ పాత సంఖ్యనే పేర్లు అడుగుచుండినవి.