యంత్రము గీసిన చిత్రములు



మన స్త్రీలు వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయుదురు. చుక్కల లెక్కకును గీత నడకకును నియమము కలదు. ముగ్గువంటిదే అరవవారి కోలము. దాని నియమములను గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అను విద్వాంసులు 1974లో ఒక గణితవ్యాకరణముగా వెలువరించిరి.

అట్టి నియమమును మనుష్యుని చేతికిగాక యంత్రమున కొసగిన నేమగును? జర్మనీదేశమున స్టుట్‌గార్ట్ నగరమునందు 1965లో గెయోర్గ్ నేస్ అను గణితజ్ఞుడు కంప్యూటరు గీసిన చిత్రములను ప్రదర్శించెను. చూడవచ్చిన చిత్రకారులు కలతచెందిరి. వారి నూరడింపగోరి తత్త్వవేత్త మాక్స్ బెన్సె దీనికి కృత్రిమకళ యని పేరిడెను.

నేస్ 1968 ప్రాంతమున రచించిన చిత్రమొకటి ప్రసిద్ధము. అందు వరుసకు 12 చొప్పున 22 వరుసల చతురస్రములు గలవు. పైవి తిన్నగా నిలుచును. క్రిందికి పోయినకొలది ఒరిగి చెదరిపోవును. ఏది యెటు ఒరుగవలెనో యంత్రము యాదృచ్ఛికసంఖ్యలచే తేల్చెను. చెదరుట కెల్లను మాత్రము నేస్ నిర్ణయించెను.

అమెరికాలో కేసీ రియాస్, బెన్ ఫ్రై అనువారు 2001లో ప్రాసెసింగ్ అను సాధనమును నిర్మించి, ఉచితముగా లోకమున కొసగిరి. చిత్రకారులే సూత్రములు వ్రాయసాగిరి. జనసంఖ్య, వర్షపాతము మున్నగు లెక్కలును బొమ్మలై, చూచువాని చేయి సోకినంతనే మారి విషయమును తెలుపుచున్నవి.

యంత్రమునకు అలసట లేదు. కాని యే లెక్కను చూపవలెనో, దేనిని మరుగుపరుపరాదో అది యెరుగదు. లెక్క వంకరయైనచో బొమ్మయు అందముగా అబద్ధమాడును. నియమమిచ్చినవాడు మానవుడు, కావున కీర్తియు నిందయు వానివే.